గుంట చుట్టూ సున్నం

చీమకుర్తి రోడ్డు మీద
రాత్రి పదకొండున్నరకి
హ్యాండిల్‌కి సున్నం బక్కెట్టు తగిలించుకుని
ఒక పాత మోపెడ్ ఆగిందంటే
అది మాల్యాద్రి.
దొంగ కాదని కుక్కలక్కూడా తెలుసు.

గుంట పక్కన గొంతుక్కూర్చుని
ముందు చేత్తో లోతు చూస్తాడు
పసిబిడ్డకి జ్వరం చూసినట్టు.
బెత్తెడు. జానెడు. జానెడున్నర.
నేను టార్చి చంకలో ఇరికించుకుని
కిలోమీటరు రాయి నంబరుతో సహా రాస్తాను.
అప్పుడు కొబ్బరిపీచు కుంచెతో
చుట్టూ ఒక తెల్లటి సున్నా.
గ్రానైటు లారీ ఒకటి
ఇంటంత బండని మోసుకుంటూ
మా వీపులు తోసేసి పోతుంది.
కళ్ళ నిండా రాతిపొడి.
"రాసుకున్నావా అబ్బయా?"
అంతే అంటాడు.

ద్విచక్ర వాహనదారుల హక్కుల సంఘం, ఒంగోలు.
పేరు పొడుగు, ఆఫీసు పొట్టి.
కర్నూలు రోడ్డులో ఖాసిం పంచర్ షాపు వెనక
ఒక రేకు కుర్చీ, ఒక రబ్బరు స్టాంపు,
ట్యూబులు ముంచే నీళ్ళ తొట్టి.
ఇరవై ఆరేళ్ళ కిందట మూడొందల పన్నెండుమంది సభ్యులు.
ఇప్పుడు చందా కట్టేది పదకొండుమంది.
అందులో ఇద్దరు కార్లు కొనేశారు,
మొహమాటానికి కడతారు.
ఆ పది రూపాయలకీ
కార్బన్ పెట్టి మరీ రసీదు రాస్తాడు.

బస్టాండులో బండి పెడితే
ఐదు రూపాయల టికెట్టుకి పది గుంజేవాళ్ళు.
ఆ ఐదు కోసం మూడేళ్ళు తిరిగాడు.
తిరగడానికైన పెట్రోలు లెక్కగట్టి నేను నవ్వాను.
"ఆ ఐదు నాది కాదబ్బయా,
రోజూ ఆడ పెట్టే నాలుగొందల బండ్లది."
ఆ రాత్రి లెక్క మళ్ళీ వేసుకున్నాను.

హెల్మెట్ పెట్టుకోండ్రా అని
కుర్రాళ్ళతో పోట్లాడేదీ ఆయనే.
హెల్మెట్ లేదని పోలీసు తాళం లాక్కుంటే
అడ్డం పడేదీ ఆయనే.
"చలానా రాయి సారూ, కడతాడు.
తాళం మాత్రం ముట్టుకోబాకండి."

ప్రతి సోమవారం కలెక్టరాఫీసు.
వచ్చిన జవాబులన్నీ
వంచిన స్పోకు చువ్వకి గుచ్చి ఉంటాయి.
'మీ అర్జీ సంబంధిత శాఖకు పంపడమైనది.'
చువ్వ మీద చువ్వ, నాలుగో చువ్వ నడుస్తోంది.
సున్నం వడకట్టేది ఈశ్వరమ్మ,
పాత చీరచెంగుతో, తిడుతూనే.
వాళ్ళ ఇంటి గోడలకి
వెల్ల వేసి ఎనిమిదేళ్ళయింది.

గుమాస్తాలు అడిగారు, విలేకరులు అడిగారు,
గొంతు కాస్త తగ్గించి, ముందే జాలిపడి:
"మీ ఇంట్లో ఎవరన్నా పడ్డారా?"
"ఎవురూ పడలా.
ఎవురో ఒకరు పడితేగాని
మనం లేవగూడదా ఏంది?"
విలేకరి పెన్ను మూసేశాడు.

మొన్న వానలు వెలిశాక
ఎవరో తారు డబ్బాలతో వచ్చి
సున్నా ఉన్న గుంటలన్నీ పూడ్చిపోయారు.
సున్నా లేనివాటి జోలికి పోలేదు.
పేపర్లో ఎవరి పేరూ రాలేదు.
పండగలా ఉంది నాకు.
ఆయన మాత్రం మోపెడ్ తోసుకుంటూ
మిగిలిపోయినవి ఒక్కొక్కటే చూసుకుంటూ నడిచాడు,
హాజరు పట్టీలో పిల్లల పేర్లు
రాయడం మర్చిపోయిన పంతుల్లాగా.

ఇప్పుడాయనకి కళ్ళు సరిగా ఆనవు.
డాక్టరు బండి ముట్టుకోవద్దన్నాడు.
నా వెనక కూర్చుంటాడు,
మా ఇద్దరి మధ్యన బక్కెట్టు.
రోడ్డుని నడుంతో చదువుతాడు.
నిన్న రాత్రి కల్వర్టు దాటంగానే
"ఆపు" అన్నాడు.
నాకేమీ కనపడలేదు.
టార్చి వేస్తే, గాజంత గుంట.
వేలు పెడితే లోపల కంకర కదులుతోంది.

మొదటిసారి కుంచె నా చేతికిచ్చాడు.
గీశాను.
తడి మీద వేలు తిప్పి చూశాడు.
"వంకరబోయింది. పర్లా.
తెల్లగా ఉండాదా?"

నేను నోరు తెరిచేలోపే
ఎదురుగా వస్తున్న బండొకటి
లైటు దించి
కొంచెం పక్కకి జరిగి
మమ్మల్ని దాటిపోయింది.